బ్యాగు అడుగున అరకిలో

సింగపూర్‌లో దిగడానికి ఇంకా రెండు గంటల పది నిమిషాలుందని ముందు సీటు వెనక తెర చూపిస్తున్నప్పుడు కావ్యశ్రీ ఆ మాట చెప్పింది.

"అక్కా, ఇంటికి పోయి బ్యాగు ఇప్పినాంక నాకు ఫోన్ చెయ్యాల నువ్వు. మర్చిపోవద్దు."

"ఎందుకే?"

"ఊరికే. అడుగున ఒకటి ఉండాది. సీతమ్మ అమ్మమ్మకి."

త్రివేణి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇతరుల బ్యాగుల్లో ఏముందో చూడడం ఇరవై రెండేళ్ళుగా ఆమె ఉద్యోగం. చాంగీ విమానాశ్రయంలో ప్రయాణికుల చేతిసంచులు ఎక్స్‌రే యంత్రంలోంచి సాగుతుంటే తెర ముందు కూర్చుని చూస్తుంది. తన బ్యాగులో తనకు తెలియనిది ఒకటుందని వినడం అదే మొదటిసారి.

"ఏటి పెట్టావు?"

"చెప్తే ఇంక సర్‌ప్రైజ్ ఏముంటాది?"

"కావ్యా. ఏటి పెట్టావో చెప్పు."

గొంతు మారిందని గ్రహించి కావ్యశ్రీ నవ్వు ఆపింది. "గసగసాలు. అరకిలో. టెల్చ్‌లో కొన్నా. ఆ పొద్దు బన్ను తింటా నువ్వే కదా అంటివి, అమ్మకి ఈ రుచి చూపించాలి, సింగపూర్‌లో దొరకవని."

సింగపూర్‌లో గసగసాలు దొరకకపోవడానికి కారణం కొట్లవాళ్ళు తెప్పించకపోవడం కాదు. అవి నల్లమందు మొక్క గింజలు. అనుమతి లేకుండా దేశంలోకి తేకూడదు. పట్టుబడితే మాట్లాడేది ఆహార శాఖవాళ్ళు కాదు, మాదకద్రవ్యాల నిరోధక శాఖవాళ్ళు.

"నేరమా? గసగసాలా?" కావ్యశ్రీకి నమ్మకం కలగలేదు. "మా నంద్యాలలో పక్కింటికి పోయి అప్పు తెచ్చుకుంటారక్కా."

"నంద్యాల చట్టం చాంగీలో నడవదు."

"మరి చెప్పలేదు గదా నువ్వు! దొరకవు అన్నావు, అంతే."

నిజమే, త్రివేణి అంతే అంది.

బ్యాగు చేతిలో ఉంటే విమానంలోనే ఏదో ఒకటి చేయవచ్చు. అది విమానం అడుగున సామాన్ల అరలో ఉంది. ప్రాగ్‌లో ఇచ్చిన బ్యాగులు ఇస్తాంబుల్‌లో వాళ్ళతో పాటే విమానం మారాయి. ఇక కనబడేది సింగపూర్‌లో సామాను వచ్చే బెల్టు మీదే. ఆ పొట్లం తెర మీద ఎలా ఉంటుందో త్రివేణికి చూడనక్కర్లేకుండానే తెలుసు. బట్టలు, తినే వస్తువులు నారింజ రంగులో కనిపిస్తాయి. లేత నారింజ బట్టల మధ్య ఇటుకంత ముదురు నారింజ ముద్ద. కొత్తగా చేరినవాళ్ళు కూడా వదలరు.

ఆమె ఉద్యోగమంతా మెడలో వేలాడే ఒక పాసు మీద నిలబడి ఉంది. అది లేకపోతే యంత్రం దాకా వెళ్ళడానికే వీల్లేదు. పాసున్న మనిషి మీద మాదకద్రవ్యాల కేసు నమోదైతే, విచారణ తేలేదాకా పాసు వెనక్కి తీసుకుంటారు. తేలాక తిరిగి ఇవ్వాలని ఎక్కడా రాసి లేదు. త్రివేణికి యాభై ఏడేళ్ళు. కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది. ఈ పని తప్ప ఇంకో పని రాదు.

ఆ కిటికీ పక్క సీట్లో రెండు గంటలు ఆమె నీళ్ళు కూడా తాగలేదు.

త్రివేణి ముత్తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి మలయా రబ్బరు తోటలకు వచ్చినవాడు. తాత తోట వదిలి తంజోంగ్ పగార్ ఓడరేవులో మూటలు మోశాడు. తండ్రి అక్కడే మూటలెత్తే వించి నడిపాడు. నాలుగో తరానికి మిగిలిన తెలుగు నానమ్మ మాట్లాడినదే. అందులో 'ఏటి', 'ఎవులు', 'అలగే' ఉంటాయి, మధ్యలో మలయ్, తమిళం, మాట చివర సింగపూర్ వాళ్ళ 'లా' తగులుకుని ఉంటాయి. జురోంగ్‌లో రేడియోలు బిగించే కర్మాగారం మూతబడ్డాక, ముప్పై అయిదో ఏట ఒక భద్రతా సంస్థలో చేరింది. బూన్ లేలో మూడు గదుల ఫ్లాటు, ఎనభై మూడేళ్ళ తల్లి సీతమ్మ, ఇంట్లో ఇద్దరే. పెళ్ళి ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "షిఫ్టు డ్యూటీ" అంటుంది. ఇంకా అడిగేవాళ్ళుంటే "నైట్ షిఫ్టు" అంటుంది.

పనిలో ఆమెకు పేరుంది. మంచి పేరేమీ కాదు. సంస్థ డైరెక్టరు తల్లి చక్రాల కుర్చీలో వచ్చినా ఆవిడ చేతిసంచిలోని కొబ్బరినూనె సీసా తీయించిందని చెప్పుకుంటారు.

మూడేళ్ళ కిందట కావ్యశ్రీ పరిచయమైంది కూడా అలాగే. విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు, క్లెమెంటిలో గది అద్దెకు తీసుకుని ఉంటుంది. టోక్యోకి వెళుతూ చేతిసంచిలో ఆవకాయ జాడీ పెట్టుకుంది.

"ఇది లిక్విడ్ లెక్కలోకి వస్తాదమ్మా," అంది త్రివేణి, జాడీని చూసి తెలుగులోనే.

"ఆవకాయ లిక్విడ్ ఏంది ఆంటీ? ముక్కలు కనబడ్డంలేదా?"

"ముక్కలు కనబడతన్నాయి. నూనె కూడా కనబడతంది."

మరుసటి ఉగాదికి అక్కడి తెలుగువాళ్ళ భోజనాల్లో కావ్యశ్రీ ఆమెను గుర్తుపట్టి, "ఈమే! నా ఆవకాయ చెత్తబుట్టలో ఏసిన మనిషి," అని అందరికీ చూపించింది. త్రివేణి సిగ్గుపడలేదు. మూత గట్టిగా లేదని కూడా చెప్పింది. ఆ తర్వాత ఆదివారాలు క్లెమెంటిలో వరసగా తిండికొట్లుండే హాకర్ సెంటర్‌లో ఒకే బల్ల దగ్గర గడిచేవి. కావ్యశ్రీ బూన్ లేకి వచ్చి సీతమ్మ వండింది తిని అక్కడే నిద్రపోయిన రోజులున్నాయి.

చెక్ దేశంలోని బ్ర్నోలో సదస్సు వచ్చినప్పుడు కావ్యశ్రీయే అడిగింది. "నాకు మూడు దినాలే పని. తర్వాత బ్యాగు తగిలించుకుని ఊర్లు తిరుగుదాం. రా అక్కా. ఇన్ని బ్యాగులు సూసినావు, ఒక్కటైనా మోసినావా?"

త్రివేణి నలభై లీటర్ల బ్యాగు కొంది. వారం ముందే సర్దింది. బట్టలన్నీ చుట్టలు చుట్టి, మందులు, వైర్లు వేర్వేరు పారదర్శక సంచుల్లో పెట్టి, మూత లోపల జాబితా అంటించింది. కావ్యశ్రీ బయలుదేరే పొద్దున చేతికందినవి కుక్కింది.

బ్ర్నోలో ఆ మూడు రోజులూ త్రివేణి ట్రామెక్కి చివరిదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేది. మాటరాని ఊళ్ళో పాస్‌పోర్టు నడుముకు కట్టుకుని, గంటకోసారి తడుముకునేది. నాలుగో రోజు రైలెక్కి త్రెబీచ్ వెళ్ళారు. నది ఒడ్డున పాత యూదుల వీధి. ఇళ్ళు ఎంత ఇరుకుగా ఉన్నాయంటే రెండు బ్యాగులతో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. కావ్యశ్రీ ముందు, త్రివేణి వెనక. రాళ్ళు పరిచిన దారి వాన తడికి జారుతోంది. అక్కడే త్రివేణి మోకాలు మెలి తిరిగింది.

"నొప్పా?"

"లేదు."

"మొగం సూస్తే తెలుస్తాంది. బ్యాగియ్యి."

"నా బ్యాగు నేను మోస్తాను."

"ఎవురన్నా బాంబు పెడతారని భయమా? నేనే గదక్కా!"

ఇవ్వలేదు. ఆ మధ్యాహ్నం టెల్చ్ వెళ్ళే బస్సు వాళ్ళ కళ్ళముందే కదిలిపోయింది. తర్వాతది ఇంకో రెండు గంటలకు గానీ లేదు. అదీ తప్పితే ఆ రోజుకు లేదు. ఆపు దగ్గర వాళ్ళిద్దరూ, చినుకులూ తప్ప ఎవరూ లేరు. టెల్చ్‌లో గది ఇచ్చే ముసలావిడ అయిదింటికి తలుపు వేసి కూతురింటికి వెళ్ళిపోతానని ముందే రాసింది. బస్సు వచ్చేసరికి మూడుంబావు. టెల్చ్‌లో దిగి మెల్లగా నడిచి తలుపు దగ్గరికి చేరేసరికి అయిదు కావస్తోంది, ఆవిడ గొడుగు పట్టుకుని మెట్లు దిగుతోంది. తాళం చేతిలో పెట్టి, త్రివేణి కుంటడం చూసి మళ్ళీ లోపలికి వెళ్ళి ఐసుగడ్డల సంచి తెచ్చింది.

టెల్చ్ చిన్న ఊరు. చుట్టూ చెరువులు, మధ్యలో పొడుగాటి చౌకు. చౌకుకి రెండు వైపులా పసుపు, గులాబీ, లేతాకుపచ్చ రంగుల ఇళ్ళు. కింద అరుగుల వెంట కప్పు ఉంది కనుక వానలో కూడా నడవవచ్చు. ఆ అరుగుల మీద ఒక రొట్టెల కొట్టు. మరునాడు పొద్దున కావ్యశ్రీ రెండు గుండ్రటి బన్నులు తెచ్చింది. మధ్యలో నల్లటి తీపి ముద్ద. త్రివేణి ఒక ముక్క కొరికి నమలడం ఆపేసింది.

"బాగలేదా?"

"ఇది నానమ్మ చేసింది."

"ఏంది?"

"బెల్లం పాయసం. ఇదే వాసన. నాకు ఆరేళ్ళు లా, అంతే." ఇంకో ముక్క తింది. "గసగసాలే ఇవి. నల్లగా ఉన్నాయి గానీ అవే. మాంసంలోకి నూరి వేసేది నానమ్మ. అమ్మ ఇప్పుడు జీడిపప్పు వేస్తది. ఏం చేస్తది, సింగపూర్‌లో దొరకవు కదా. అమ్మకి ఇది చూపించాలి ఒకసారి."

వాళ్ళింట్లో ఎప్పుడూ అలాగే అంటారు. నిషేధం వచ్చిననాడు ఎవరో ఎవరికో కారణం చెప్పే ఉంటారు. తర్వాత ఏళ్ళ తరబడి వంటింట్లో 'దొరకవు' అన్న మాటే మిగిలింది. పనిలో నిషిద్ధ వస్తువుల జాబితా త్రివేణికి కంఠతా వచ్చు. గసగసాలు అందులో ఉన్నాయనీ తెలుసు. బన్ను తింటూ మాట్లాడింది మాత్రం వంటింటి మనిషి. నంద్యాల పిల్లకు అర్థమైంది ఒక్కటే, కొట్టుకు వెళ్ళి కొంటే సరిపోతుందని.

ఆ సాయంత్రమే కావ్యశ్రీ కొంది. రెండు రోజుల తర్వాత కూత్నా హోరాలో కొండ మీది గదికి ఎక్కలేక త్రివేణి మెట్ల మీద కూర్చున్నప్పుడు మొదటిసారి బ్యాగు ఇచ్చింది. కావ్యశ్రీ రెండు బ్యాగులూ మోసుకుని పైకి వెళ్ళింది. త్రివేణి ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చేలోపు ఆ పొట్లాన్ని జాబితా అంటించిన మూత వైపు కాకుండా, అడుగున వానకవరు దాచే అరలో పెట్టి జిప్పు వేసింది. ప్రాగ్‌లో రెండు రోజులూ త్రివేణి ఆ జిప్పు తెరవలేదు. వాన పడలేదు.

ఇదంతా కావ్యశ్రీ సముద్రం మీద, ముప్పై ఆరు వేల అడుగుల ఎత్తున, గుసగుసగా చెప్పింది.

"బ్యాగు తీసుకోకుండా పోతే?"

"ట్యాగు మీద నా పేరుంది."

"బెల్టు పక్కనే బాత్రూములుంటాయి గదా. తీసుకుపోయి పారబోస్తే?"

"అలాగ చేసినోళ్ళ కథలు నేనే చెప్పాను నీకు. పడీపడీ నవ్వావు."

కావ్యశ్రీ ఇంకా దగ్గరికి జరిగింది. "అక్కా, అందర్నీ ఆపరు గదా. ఎందర్ని ఆపుతారు?"

"విమానమెక్కే మా పక్క అందరినీ. బయటికొచ్చే పక్క, కొందరినే."

"వందకి ఒకరా?"

"సరిగ్గా తెలీదు. తక్కువే."

"అయితే నడిసి పోదాం. నువ్వు వాళ్ళ మనిషివే గదా. మొగం తెలిసినోళ్ళు."

త్రివేణి కిటికీలోంచి చూసింది. కింద ఓడలు కనబడుతున్నాయి. చూపించాల్సిందేమీ లేనివాళ్ళు వెళ్ళే పచ్చదారిలో నడిచిపోతే దాదాపు ఏమీ కాదు. ఎర్రదారిలోకి వెళ్ళి తానే చెబితే పొట్లం పోతుంది, పేరు నమోదవుతుంది, పాసు వెనక్కి తీసుకుంటారు. ఇంకో దారి లేదు. అలా తెచ్చినవాళ్ళ కథలు ఇన్నేళ్ళలో ఎన్నో విన్నది కనుక, పట్టుబడనివాళ్ళు ఎక్కువని ఆమెకు అందరికంటే బాగా తెలుసు. చిక్కు వచ్చిందే అందువల్ల. తెలియని మనిషైతే భయపడి నేరుగా ఎర్రదారికే వెళ్ళేది.

బెల్టు మీద కావ్యశ్రీ బ్యాగు ముందుగా వచ్చింది. అప్పుడే వెనక నుంచి ఎవరో భుజం తట్టారు.

"హాయ్ త్రివేణి! ఎక్కడికి పోయావ్, కాలు కుంటుతున్నావ్?"

భువన. అదే సంస్థలో, అదే షిఫ్టులో పనిచేసే తమిళావిడ. చెన్నైలో పెళ్ళికి వెళ్ళి ఇప్పుడే వేరే విమానంలో దిగింది. తమిళం తెలుగు కలిపి మాట్లాడుతుంది. "నాదీ వచ్చేసింది. నీ బ్యాగు రాగానే పద, టాక్సీలో కలిసి పోదాం. నేను జురోంగే కదా."

"నువ్వెళ్ళు. మాకు ఆలస్యం."

"అయ్యో, అంత దూరం ఒక్కర్తినే ఎందుకు? ఆగుతా లా."

త్రివేణి బ్యాగు వచ్చింది. తీయడానికి వంగితే మోకాలు సహకరించలేదు. కావ్యశ్రీ లాగింది. ముగ్గురూ బయటి ద్వారం వైపు నడిచారు. కావ్యశ్రీ త్రివేణి చెవి దగ్గర, "అక్కా, నాకియ్యి, నా బ్యాగులోకి మార్చుకుంటా. ఏమన్నా అయితే నాకే అవుతాది," అంది.

"ఇక్కడ జిప్పు ముట్టుకోకు. కెమెరాలున్నాయి. నడువు."

భువన తన మనవరాలి ఫోటోలు చూపిస్తూ పచ్చ బోర్డు కిందికి మళ్ళింది. రెండడుగులు వేసి వెనక్కి చూసింది. త్రివేణి ఎర్ర బోర్డు ముందు నిలబడి ఉంది.

"ఏయ్, ఇటు! సిగరెట్లు కొన్నావా ఏం?"

"నువ్వెళ్ళు భువనా."

భువన నవ్వు మెల్లగా ఆగిపోయింది. ఫోన్ సంచిలో పెట్టుకుంది. వెళ్ళిపోయింది. రేపటి పొద్దుటి షిఫ్టుకల్లా అందరికీ తెలుస్తుందని త్రివేణికి అర్థమైంది.

బల్ల వెనక అధికారికి పాతికేళ్ళుంటాయి. త్రివేణి ఇంగ్లీషులో చెప్పింది. బ్యాగులో గసగసాలున్నాయి, అరకిలో, అడుగు అరలో. అతను చేతి తొడుగులు వేసుకుని తీశాడు. తెల్ల కాగితపు పొట్లం మీద చెక్ అక్షరాలు, ఒక పువ్వు బొమ్మ.

"ఎవరిది, ఆంటీ?"

"నాది," అంది త్రివేణి.

"నాది," అంది వెనక నుంచి కావ్యశ్రీ.

అతను కలం బల్ల మీద పెట్టాడు. "ఒకరే చెప్పండి లా. ఇద్దరిదీ కాదు కదా."

ఈ దృశ్యం త్రివేణికి కొత్త కాదు. కత్తెర దొరికితే మొగుడు నాదంటాడు, పెళ్ళాం నాదంటుంది. ఇద్దరికీ అది గొప్ప త్యాగంలాగే అనిపిస్తుంది. ఇవతల కూర్చున్నవాళ్ళకు ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారన్నదొక్కటే తెలుస్తుంది, ఆ క్షణం నుంచి మిగతా మాటలేవీ నమ్మరు. అలాంటివాళ్ళను చూసి ఆమె ఎన్నోసార్లు విసుక్కుంది.

ఇద్దరినీ వేర్వేరు గదుల్లోకి తీసుకెళ్ళారు. ఈసారి ప్రశ్నలు అడిగింది మాదకద్రవ్యాల విభాగం నుంచి వచ్చిన పెద్ద వయసు అధికారిణి.

"బయట నాది అన్నారు."

"అది తప్పు. బ్యాగు నాది. కొన్నది నా స్నేహితురాలు, టెల్చ్‌లో, పద్నాలుగో తేదీ సాయంత్రం. పెట్టింది కూత్నా హోరాలో, పదహారున. నాకు చెప్పింది ఇవాళ, విమానంలో, మూడున్నరకి."

"నిషేధమని ఆమెకు తెలుసా?"

"తెలియదు."

"మీకు?"

"తెలుసు."

"ఆమె వీటి గురించి అడిగినప్పుడు మీరేం చెప్పారు?"

"అడగలేదు. నేనే అన్నాను. సింగపూర్‌లో దొరకవని."

అధికారిణి తలెత్తింది. "నిషేధమని తెలిసి, దొరకవని ఎందుకన్నారు? మీ ఉద్యోగం ఇదే కదా?"

నిజం చెబితే అది సాకులా ఉంటుంది. వేరే ఏం చెప్పినా అబద్ధమవుతుంది.

"ఇంట్లో అలాగే అంటాం," అంది త్రివేణి.

అధికారిణి దాన్ని అలాగే రాసుకుంది. బయటికి వచ్చేసరికి ఏడున్నర. కావ్యశ్రీ ముందే వచ్చి గోడకానుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నేను నాదే అని చెప్పినా. నువ్వేం చెప్పినావు?"

"జరిగింది."

"నా పేరు చెప్పినావా?"

"చెప్పాను."

కావ్యశ్రీ బ్యాగు భుజాన వేసుకుని రైలు వైపు వెళ్ళింది. త్రివేణి ఆ రాత్రే ఫోన్ చేసి సంస్థకు తెలియజేసింది. మర్నాడు పాసు తీసుకున్నారు.

తర్వాత పంతొమ్మిది రోజులు. ఇరవై రెండేళ్ళలో అన్ని రోజులు వరసగా ఇంట్లో లేదు. పొద్దున నాలుగింటికే మెలకువ వచ్చేది. కింద బస్సు ఆపు దగ్గర సంస్థ వ్యాను ఆగి, ఇద్దరిని ఎక్కించుకుని వెళ్ళడం కిటికీలోంచి కనబడేది. మూడో రోజు వ్యానులోని ఎవరో పైకి చూశారు. ఆమె తెర వేసింది.

సీతమ్మకి సంగతి చెప్పక తప్పలేదు.

"ఎవులు తెమ్మన్నారే?" అంది సీతమ్మ.

"ఎవులూ తెమ్మనలేదమ్మా. నీకు తినిపించాలని నేనన్నాను, ఆ పిల్ల కొంది."

"నాకా? నాకు గసగసాలంటే పడవు. మీ నానమ్మకి చెప్పలేక తినీదాన్ని. జీడిపప్పే నయం." అని కూర కలపడానికి వెళ్ళిపోయింది. త్రివేణి ఆ మాట మీద నవ్వాలో ఏడవాలో తెలియక గిన్నెలన్నీ మళ్ళీ తోమింది.

రెండో ఆదివారం కావ్యశ్రీ వచ్చింది. చెప్పులు విప్పలేదు, గుమ్మంలోనే నిలబడింది.

"నాకు ల్యాబ్‌లో చెప్పుకోవాల్సి వచ్చింది. నా వర్క్ పాస్ రెన్యువల్ ముందుంది."

"లోపలికి రా."

"ఒకటి అడుగుతా. నా పేరు చెప్పకుంటే నీ ఉద్యోగం పోయేదా?"

"తెలీదు."

"చెప్పినందుకు నాది పోతే?"

"అదీ తెలీదు."

"తెలీకుండానే చెప్పినావు."

"అడిగారు కావ్యా."

"అడుగుతారు, అక్కా. వాళ్ళ పని అదే. నువ్వు ఆ గదిలో వాళ్ళ పక్క కూర్చున్నావు, నా పక్క కాదు. దొరకవు అన్నప్పుడు మాత్రం నా పక్క కూర్చుని చెప్పినావు."

త్రివేణి కాదనలేదు. "రెండూ రాయించాను. నేను ఎలాగ చెప్పానో అదీ రాయించాను. నువ్వు తెలియక కొన్నావని వాళ్ళకి దానివల్లే తెలుస్తది."

లోపలి నుంచి సీతమ్మ "ఎవులది? తిని ఎళ్ళమను," అని కేక వేసింది. "ఆకలి లేదు అమ్మమ్మా," అని చెప్పి కావ్యశ్రీ లిఫ్టు వైపు నడిచింది.

పంతొమ్మిదో రోజు సంస్థ కార్యాలయానికి రమ్మన్నారు. అది తంజోంగ్ పగార్‌లో పద్దెనిమిదో అంతస్తు. గదిలో మేనేజరు, పక్కన హెచ్ఆర్ నుంచి ఒకమ్మాయి, బల్ల మీద రెండు ఉత్తరాలు. త్రివేణికి కూర్చోమని చెప్పలేదు. కాసేపటికి ఆమే కూర్చుంది, మోకాలు అంతకంటే నిలవలేదు.

"నార్కోటిక్స్ వాళ్ళు మీ మీద చర్య తీసుకోవడం లేదు. మీరే ప్రకటించారు కాబట్టి. మీ స్నేహితురాలికి హెచ్చరిక ఇచ్చారు, కేసు లేదు," అన్నాడు మేనేజరు. "అది వాళ్ళ సంగతి. ఇప్పుడు మా సంగతి. మీ బ్యాగు ఇంకొకరు ముట్టుకున్నారు. మీరు మళ్ళీ తెరిచి చూడకుండా విమానానికి ఇచ్చారు."

"అవును."

"ఇరవై రెండేళ్ళ సర్వీసు."

"అవును."

"ఒక ప్రయాణికుడు మీతో ఇదే చెబితే ఏం చేస్తారు?"

"బ్యాగు తెరిపిస్తాను."

"నమ్ముతారా?"

"నమ్మను. చూసి, రాసుకుని, పంపిస్తాను."

మేనేజరు హెచ్ఆర్ అమ్మాయి వైపు చూశాడు. ఆమె ఒక ఉత్తరం ముందుకు జరిపింది. చివరి హెచ్చరిక, ఫైల్లో ఉంటుంది. కాంట్రాక్టు రెండేళ్ళకు బదులు ఒక్క ఏడాది. పరీక్ష మళ్ళీ రాయాలి. త్రివేణి మొత్తం చదివింది. రెండోసారి కూడా చదివింది. వాళ్ళు గడియారం చూస్తున్నారని తెలిసినా తొందరపడలేదు. సంతకం పెట్టాక పాసు ఒక కవరులో ఇచ్చారు.

కింద వీధిలోకి వచ్చి కావ్యశ్రీకి సందేశం పంపింది: 'నీ మీద కేసు లేదు. నా పాసు ఇచ్చారు.' మెసేజీ చదివిందని రెండు నీలం గీతలు వచ్చాయి. జవాబు రాలేదు.

సోమవారం మధ్యాహ్నం షిఫ్టు. పరీక్ష పొద్దుటే రాసి, నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుంది. పోయిన రెండు మార్కులు ఎక్కడ పోయాయో అడిగి తెలుసుకుంది. గేటు దగ్గర పాసు యంత్రం మీద ఆనించింది. ఎర్రదీపం. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. మళ్ళీ ఆనించింది. కాపలా మనిషి లేచాడు. మూడోసారికి పచ్చదీపం వెలిగి తలుపు తెరుచుకుంది.

మూడో వరస తెర ముందు భువన ఉంది. కళ్ళు అలిసిపోతాయని ఒకరిని ఇరవై నిమిషాలకు మించి ఆ కుర్చీలో ఉంచరు. త్రివేణి వచ్చి పక్కన నిలబడింది. భువన తెర మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"ఆ రోజు నిన్నెవరూ ఆపేవాళ్ళు కాదు, తెలుసా? నన్ను ఆపలేదు. నా వెనక ఎవరినీ ఆపలేదు. నాతో వచ్చేసి ఉంటే ఈ గొడవే లేదు."

"తెలుసు," అంది త్రివేణి. "లే, నీ ఇరవై నిమిషాలు అయిపోయాయి."